ఊచకు చెవి ఆనించిన మనిషి

కొలతలు తీసుకుంటున్నప్పుడు మాట్లాడొద్దని చెప్పే అధికారం టైలరుకు లేదు. చేతులు రెండూ బార్లా చాపించి నిలబెట్టగానే ఎంత ముభావంగా ఉండేవాడికైనా నోరు తెరుచుకుంటుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా మెడలో టేపు వేసుకుని ఊరి కబుర్లన్నీ వింటున్న ఈ టైలరుకు అది కొత్త కాదు. నాలుగు రోజులుగా ఆ కబుర్లన్నీ సొంత అక్క గురించే కావడం మాత్రం కొత్త.

"మీ అక్కగారికి ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన పోస్టుమాస్టరు, జాలి ఒలకబోస్తూ.

"ఎలా?" అన్నాడు టైలరు, భుజం కొలుస్తూ.

"అదేనయ్యా. ఆ వీడియో."

ఆ వీడియో మొత్తం పదకొండు సెకన్లు. తెల్లవారుజామున నడిరోడ్డు మీద అరవై రెండేళ్ల ఆవిడ గొంతుక్కూర్చుని ఉంటుంది. గజం పొడవు ఇనప ఊచ ఒక కొస రోడ్డు మీద, రెండో కొస ఆవిడ చెవికి. కళ్లు మూసుకుని, "ఉండు తల్లీ, ఏడవకు, ఎక్కడున్నావో చెప్పు," అంటుంది. అంతే. ఏ మేడ మీంచి ఏ పుణ్యాత్ముడు తీశాడో గానీ, మధ్యాహ్నానికల్లా ఊళ్లో అది లేని ఫోను లేదు, చూసి వైద్యుడు కానివాడూ లేడు.

మామూలు మనిషైతే ఊరు నవ్వుకుని ఊరుకునేది. ఆవిడ మునిసిపల్ చైర్మన్ పదవికి నిలబడింది.

నిజానికి అందులో వింతేమీ లేదు. ముప్పై నాలుగేళ్లు నీటి సరఫరా విభాగంలో ఆవిడ చేసిన ఉద్యోగమే అది. ఊచ నేలకు ఆనించి, భూమిలో పైపు ఎక్కడ పగిలిందో చెవితో కనిపెట్టాలి. కారే పైపును ఆ విభాగంలో అందరూ "ఏడుస్తోంది" అనే అంటారు. తోటి పనివాళ్లు ఆవిడకు చెవులమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ రిటైరయ్యాక యంత్రాలొచ్చాయి, ఆ యంత్రాలు మూలన పడ్డాయి, ఊచ పట్టేవాళ్లు మాత్రం మళ్లీ రాలేదు.

ఎగువ వీధులకు నీళ్లెక్కక రెండు నెలలైంది. పంపు పాతబడిందన్నాడు ఇంజనీరు. కొత్త పంపు తెప్పిస్తానని ఫంక్షన్ హాలు ఓనరు పోటీకి దిగాడు. "పంపు బంగారంలా ఉంది. నీళ్లు దారిలో ఎక్కడో పోతున్నాయి," అని, ఆ ఒక్క మాట పట్టుకుని చెవులమ్మ కూడా దిగింది.

ఓ టీవీ అమ్మాయి వచ్చి, "మీకు నిజంగా నేల కింద చప్పుళ్లు వినిపిస్తాయా?" అని అడిగింది. "వినిపిస్తాయి. అందుకే గదా నాకు జీతం ఇచ్చారు," అంది చెవులమ్మ. చానెల్‌వాళ్లు మొదటి మాట ఉంచి రెండోది కోసేశారు. ఆ పక్కనే ఒక డాక్టరును కూర్చోబెట్టారు. ఇతరులకు వినబడని శబ్దాలు వినబడడం మొదటి లక్షణమని ఆయన సెలవిచ్చాడు. ఆవిణ్ణి ఆయన జన్మలో చూడలేదు. చూడని మనిషి నాడి పట్టిన ఆ మహానుభావుణ్ణి ఏమనాలో ఈ కథ చెప్పేవాడికి తెలుసు గానీ, ప్రస్తుతానికి మింగి ఊరుకుంటున్నాడు.

పోస్టుమాస్టరు వెళ్లాడు. పదకొండింటికి హాలు ఓనరు స్వయంగా దుకాణంలోకి వచ్చాడు. ప్రమాణ స్వీకారానికని పది రోజుల కిందటే కోటు కుట్టమన్నాడు. ఓట్లు పడకముందే కోటేమిటని టైలరు అడగలేదు, గుండీలు తప్ప అంతా కుట్టేశాడు. ఓనరు అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"మీ అక్కగారంటే నాకు గౌరవం," అన్నాడు అద్దంలోంచే. "పెద్దావిడ రోడ్ల మీద నవ్వులపాలవుతుంటే బాధగా ఉంది. నామినేషన్ వెనక్కి తీసుకోడానికి ఇవాళ మూడింటిదాకా టైముంది. ఇదిగో కాగితం. ఆరోగ్య కారణాలు అని రాసే ఉంది. సంతకం పెట్టించు చాలు. రేపట్నుంచి ఆ వీడియో ఊసు ఎవరూ ఎత్తరు."

"మీరు చెబితే ఎత్తరా?"

 ఓనరు కోటు విప్పి, కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

దాన్ని అక్కడికక్కడే చింపి బుట్టలో వేయాల్సింది. టైలరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకంటే అతనికీ అనుమానం పట్టుకుంది. పోయిన ఆదివారం అక్క అతన్ని "పెద్దోడా" అని పిలిచింది. పెద్దోడంటే ఆవిడ ఇద్దరు తమ్ముళ్లలో మొదటివాడు, పోయి పదేళ్లయింది. అంతకు ముందు వారం కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికింది. ఈ రెండు సంగతులూ అతను పెళ్లానికి కూడా చెప్పలేదు. అమ్మ పోయాక తనను పెంచి, కుట్టుమిషను కొనిచ్చి, పెళ్లి చేసిన మనిషి గురించి అలా అనుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

దుకాణం మూసి అక్క ఇంటికి నడిచాడు. వంటింటి బల్ల మీద పైపుల పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, చెవులమ్మ గరుకు కాగితంతో ఊచ కొసకు పట్టిన తుప్పు రుద్దుతోంది.

"తిన్నావా?" అంది తలెత్తకుండా.

"తిన్నా."

"అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటావు. చిన్నప్పట్నుంచీ అంతే. జేబులో ఏంటది?"

ఇవ్వక తప్పలేదు. ఆవిడ కాగితం మొత్తం చదివింది. తమ్ముడి ముఖం కూడా చదివింది.

"నీక్కూడా అలాగే అనిపిస్తోందా, చిన్నోడా?"

 కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది, టైలరు నోట ఆ మాట రాలేదు. చెవులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఊరంతా కోడై కూస్తే నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇది మాత్రం తగిలిందిరా." చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. "విను. వెతికీ వెతికీ రెండు వాల్వుల మధ్యకి వచ్చేశాను. హాలు ముందు రోడ్డు. అక్కడే ఎక్కడో పగిలింది. కానీ ఆ వీడియో వచ్చిన కాణ్నుంచీ ఏ వేళప్పుడెళ్లినా వెనకాల గుంపు, ఈలలు, హారన్లు. నాకు ఐదు నిమిషాల నిశ్శబ్దం కావాలి. ఈ ఊళ్లో అది దొరకట్లేదు."

పెన్ను తీసి, కాగితం మీద సంతకం గీకి, మడిచి, తమ్ముడి జేబులోనే పెట్టింది.

"నాతో రా. మూడింటిలోగా దొరక్కపోతే నన్నడక్కుండా తీసుకెళ్లి ఇచ్చేయ్. నీ మీద కోపం తెచ్చుకోను."

ఇద్దరూ దిగువకు నడిచారు. ఆ కాగితం జేబులో ఇటుకంత బరువనిపించింది టైలరుకు. దారిలోనే ఇరవై మంది వెంటపడ్డారు. హాలు ముందుకు చేరేసరికి వందయ్యారు. అక్కడ ఓనరు సభ నడుస్తోంది. వేదిక మీంచి ఆయన, స్థిమితమున్న నాయకత్వం కావాలా వద్దా అని మైకులో ఊదరగొడుతున్నాడు. టీవీ అమ్మాయి కెమెరాతో అక్కడే ఉంది. స్టాపులో బస్సు ఇంజను గుర్రుమంటోంది. పక్కన పిండిమిల్లు.

చెవులమ్మ ఎవరి వంకా చూడలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపి, నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఊచ ఆనించి, చెవి పెట్టింది. గుంపు గొల్లుమంది.

"ఏమంటోందమ్మా పైపు?" అన్నాడొకడు.

"మా ఆవిడ పుట్టింట్నుంచి ఎప్పుడొస్తుందో అడుగు," అన్నాడు ఇంకొకడు.

ఆవిడ రెండు చోట్ల ప్రయత్నించింది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. "వినపడట్లేదురా," అంది మెల్లిగా. ఆ ముఖంలో భయం చూడడం టైలరుకు అదే మొదటిసారి.

జన్మలో గొంతు పెంచినవాడు కాదు. ఇప్పుడూ పెంచలేదు. తిన్నగా బస్సు దగ్గరికి వెళ్లి, కిటికీలోంచి డ్రైవరుతో అన్నాడు: "అన్నా, ఐదు నిమిషాలు ఇంజను ఆపుతావా?"

డ్రైవరు ఆవిణ్ణి చూశాడు. "మాది ఎగువ మూడో వీధి. నీళ్ల ట్యాంకరు దగ్గర బకెట్లు మోసి మోసి మా అమ్మ నడుం పట్టేసింది. దొరుకుతుందంటావా?"

"తెలీదన్నా. ముందు వినాలి."

డ్రైవరు తాళం తిప్పాడు. బస్సు గుర్రు ఆగింది. అది చూసి పిండిమిల్లు ఆవిడ బయటికొచ్చి, సంగతి కనుక్కుని, లోపలికెళ్లి మిల్లు కట్టేసింది. ఆవిడదీ ఎగువే. ఎదుటి వెల్డింగు షాపువాడిదీ ఎగువే. దిగువలో పనిచేసేవాళ్లలో సగం మంది సాయంత్రమైతే ఆ గుట్టెక్కి నీళ్లులేని ఇళ్లకు పోయేవాళ్లే మరి. ఒక్కొక్క చప్పుడే రాలిపోతూ వచ్చింది. చివరికి మైకు ఒక్కటే మిగిలింది. మైకు సెట్టు నడిపేది కుర్రాడేం కాదు, ఎగువలో ఇల్లున్న ముగ్గురు పిల్లల తండ్రి. టైలరు అతని వంక చూశాడు. అతను వేదిక వంక ఓసారి చూసి, టక్కున స్విచ్చి నొక్కేశాడు.

ఓనరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు గానీ, ఆయన గొంతు ముందు వరస కూడా దాటలేదు. జనమే ఆయన వైపు తిరిగి, వేలు మూతికి ఆనించుకుని, ఊరుకోమన్నారు.

రోడ్డు మొత్తం ఊపిరి బిగబట్టింది. చెవులమ్మ ఊచ ఎత్తి అడుగు జరిపింది. విన్నది. ఇంకో అడుగు. మళ్లీ వెనక్కి అరడుగు. అక్కడ ఆగిపోయింది. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాచింది.

"సుద్దముక్క ఉందా?"

టైలరు జేబులో సుద్ద లేకపోవడమేమిటి! గుడ్డ మీద గీత గీసే నీలం సుద్దతో ఆవిడ రోడ్డు మీద కత్తెర గుర్తు వేసింది.

"ఇక్కడ. నాలుగడుగుల లోతు. కింది వైపు పగిలింది. నీళ్లు పాత మురుగు కాలువలోకి పోతున్నాయి, అందుకే పైకి రాలేదు." ఊచ తమ్ముడి చేతికిచ్చింది. "రా. నువ్వు విను."

వంద ఫోన్లు పైకి లేచాయి. రేపటి వీడియోలో పిచ్చివాడు తనేనని తెలిసే టైలరు గొంతుక్కూర్చున్నాడు. చెవి ఆనించాడు. మొదట ఏమీ లేదు. తర్వాత తన గుండె చప్పుడు. దాని అడుగున, సన్నగా, ఎడతెగకుండా, పక్క గదిలో పెళ్లాం తలుపు వేసుకుని మిషను మీద పొడుగు కుట్టు వేస్తున్నట్టు ఒకటే రొద. ఆపు లేదు. రెండు నెలలుగా అక్కడ అది ఏడుస్తూనే ఉంది, విని దాని దగ్గరికొచ్చింది ఒక్క మనిషి.

లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. అడ్డంగా చింపాడు, నిలువుగా చింపాడు. టైలరు కదా, ముక్కలన్నీ సమానంగానే వచ్చాయి.

"నన్ను మన్నించక్కా," అన్నాడు అందరూ వినేలా.

"ఏం వినపడింది?" అన్నాడు బస్సు డ్రైవరు దిగొచ్చి.

"నువ్వే విను."

డ్రైవరు విన్నాడు. విని, లేచి, మాట్లాడకుండా వరసలో వెనకవాడికి ఊచ అందించాడు. అప్పటికే గుంపు వరస కట్టింది. పిండిమిల్లు ఆవిడ విన్నది. పైపుతో పెళ్లాం సంగతి అడగమన్నవాడు విన్నాడు. టీవీ అమ్మాయి కెమెరా ముందే వంగి విని, లేచేసరికి ముఖం మారిపోయింది. ఓనరు వేదిక దిగొచ్చి, ఇదంతా నాటకమన్నాడు.

"రండి బాబూ," అంది చెవులమ్మ మర్యాదగా. "మీ హాలు ముందే గదా. మీరూ వినండి."

వందమంది చూస్తుంటే ఎలా కాదంటాడు? ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దగ్గర పట్టేస్తుంటే నానా తంటాలు పడి కూర్చున్నాడు. ఒక కొస రోడ్డు మీద, రెండో కొస చెవికి. ఫోన్లన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఏమైనా వినిపిస్తోందా సార్?" అంది టీవీ అమ్మాయి.

లేదంటే, విన్న జనమంతా అక్కడే ఉన్నారు. ఉందంటే, డాక్టరు చెప్పిన మొదటి లక్షణం. 

"వినిపిస్తోంది," అన్నాడు.

గుంపు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో వెటకారం ఎంతో, ఆనందం ఎంతో చెప్పలేం గానీ, టైలరు మాత్రం చేతులు మండిపోయేలా కొట్టాడు.

ఆవిడ కింద పనిచేసిన పాత పైపు పనివాళ్లు నలుగురు, ఇంజనీరు ఉత్తర్వు కోసం చూడకుండా గునపాలతో వచ్చేశారు. కత్తెర గుర్తు మీదే తవ్వారు. మూడింటికి పది నిమిషాలుందనగా, నాలుగడుగుల దగ్గర బురద బుసబుసమంది. దాన్ని తోడేశాక, పైపు కింది వైపు చేతి వెడల్పు చీలికలోంచి తెల్లటి నీళ్లు ఎగదన్నాయి. జనం తడిసిపోతూ అరిచారు. అక్కడ ఎన్నికల ఆఫీసులో మూడు కొట్టింది. కాగితం పట్టుకుని ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రానికి ఎగువ వీధుల్లో కొళాయిలు తుపుక్కుమని, తర్వాత ధారకట్టాయి. ఓట్ల సంగతి వేరే చెప్పాలా? ఎగువ ఒక్కటే కాదు, దిగువ కూడా ఆవిడకే వేసింది. టీవీ డాక్టరు ఆ వారం జలుబు గురించి మాట్లాడాడు.

ప్రమాణ స్వీకారం రోజు మునిసిపల్ హాల్లో చెవులమ్మ తడబడకుండా ప్రమాణం చదివింది. సంతకం పెట్టడానికి పుస్తకం ముందుకు జరిపారు. ఆవిడ బల్ల మీద తడుముకుంది, సంచిలో తడుముకుంది, వెనక్కి తిరిగి పిలిచింది.

"పెద్దోడా, నా కళ్లజోడేదిరా?"

మైకు ఆన్‌లోనే ఉంది.  విలేకరుల పెన్నులు లేచాయి. "పెద్దోడంటే ఎవరు మేడమ్?" అన్నాడు ముందు వరసలో ఒకడు, ఎక్కడో ఆశ పుట్టి.

టైలరుకు చటుక్కున అమ్మ గుర్తొచ్చింది. అన్నానికి పిలవాలంటే అమ్మ ముగ్గురి పేర్లూ వరసగా అనేసి గానీ కావాల్సిన పేరు దగ్గరికి వచ్చేది కాదు. అయినా ఏ ఒక్కరోజూ ఎవరూ పస్తు పడుకోలేదు.

కుర్చీలోంచి లేచి, నలుగుర్నీ దాటుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు.

"నేనే," అన్నాడు విలేకరితో.

అక్క నెత్తి మీదున్న కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆవిడ ముక్కు మీద పెట్టాడు. చెవులమ్మ సంతకం చేసింది.