గుండు పని

వైశాఖమాసపు పగటి ప్రథమ ప్రహరమునందే ప్రచండ మార్తాండ కిరణజాలము కొత్తబురుజు పట్టణపు నాపరాతి మిద్దెలపై బడి కన్నులు మిఱుమిట్లు గొలుపుచుండగా నల్లరేగడి చేలమీదుగా వీతెంచు వడగాలి దారిలోని దుమ్మునెల్ల నెత్తుకొనివచ్చి వీథివీథికిని పంచిపెట్టుచుండగా వేరుసెనగనూనె వాసనయు జొన్నరొట్టెల వేడియావిరియు నొక్కటై యంగళ్లనడుమ నలముకొనుచుండగా ఉదయపు బస్సునుండి యొక యాజానుబాహువగు పురుషుడు దిగెను. ఆతని జటాశ్మశ్రువులు రెండేండ్లుగా కత్తి యెఱుగవు. ఆతని నడుమున వెడల్పైన తోలుపటకాయు, ఆ పటకాకు నలుగురును చూచునట్లుగా నొక పిస్తోలును వ్రేలాడుచుండెను.

ఆతడు ఎఱ్ఱవంక గ్రామవాసియగు సుంకిరెడ్డి. రెండేండ్లక్రిందట ఆతని యన్న కంబగిరిరెడ్డి పట్టపగలు నడివీథిలో వేటకొడవళ్లకు బలియయ్యెను. న్యాయస్థానమునందు కన్నవాడొక్కడును కన్నానని నోరు విప్పకపోవుటచే నిందితులు పూలమాలలతో నిండ్లకు మరలిరి. నాడు సుంకిరెడ్డి పగ తీరుదాక తలకు కత్తి తాకనీయనని యొట్టుపెట్టుకొనెను. పిదప నీకును నదే గతియని బెదరింపులు రాగా సర్కారువారి లైసెన్సు పడసి పిస్తోలు ధరించెను. దాచుకొన్న నేమి ప్రయోజనము, కనబడిన వెఱచెదరుగదా యని పైకే తగిలించుకొనెను. వెఱచినమాట నిజమే గాని వెఱచినవారు శత్రువులు గారు.

బస్సులో నాతని ప్రక్కన నెవ్వరును గూర్చుండరు. తపాలా కచేరియందు వరుసలో నిలిచినవారు మర్యాద మీఱిన మర్యాదతో తొలగి ముందునకు దారినిత్తురు. కోవెలలో అర్చకస్వామి శఠగోపమును అల్లంత దూరమునుండియే చేయిచాచి యిట్లు తాకించి యట్లు తీసికొనును. ఇక నాతడో, ఎదురుగా వచ్చువాని చేతులను చూచినపిదప గాని మొగము చూడడు. పలుకరించినవానిని వీడేల పలుకరించెనని శంకించును, పలుకరింపనివానిని వీడేల పలుకరింపలేదని శంకించును. గోడకు వీపు ఆనింపక కాఫీ త్రాగి యెన్నాళ్లయ్యెనో ఆతనికే తెలియదు. ఇట్టి బ్రతుకు పగవానికిని వలదు.

ఆనాడు సుంకిరెడ్డి బస్సు దిగినతోడనే దస్తగిరి హోటలు ముంగిట నిలిచి పలికిన పలుకులు రెండే రెండు.

"మద్దిలేటి అంగడి యాడప్పా? గుండు పని ఉండాది, ఈ పొద్దుతో తీరిపోతాది."

దస్తగిరి చేతిలోని గ్లాసు చేతిలోనే నిలిచిపోయెను. మద్దిలేటి యనువాడు ఎఱ్ఱవంకలో తాతలనాటినుండి రెడ్ల యిండ్లకు క్షురకర్మ చేయు కుటుంబమువాడు. కంబగిరిరెడ్డి కూలినపుడు పది బారల దూరమున నుండియు తానేమియు చూడలేదని కోర్టులో బొంకి మఱునాడే గ్రామము విడిచివచ్చి కొత్తబురుజులో అంగడి పెట్టుకొన్నవాడు. పగ తీరక తల గొఱిగించుకొననని యొట్టుగొన్నవాడు పిస్తోలుతో వచ్చి గుండు పనియనగా నే గుండో తెలియనంత యమాయకులా యా సీమవారు? దస్తగిరి వ్రేలితో త్రోవచూపి తాను మాత్రము మద్దిలేటికి తెలుప అడ్డదారిని పరుగిడెను. క్షణములలో వీథి యంతయు తలుపులు బిగించుకొనెను, తలుపులు బిగింపనివారు చేతికందిన కఱ్ఱయో రాయో పట్టుకొని దూరదూరముగా నిలిచిరి. ఎవ్వరిని కాపాడుటకని యడిగిన చెప్పగలవాడు వారిలో నొక్కడును లేడు.

దొడ్డిదారిని పారిపొమ్మని మద్దిలేటి భార్య ఏడ్చుచు నాతని చేయిపట్టి లాగెను. ఆతడు కదలలేదు. రెండేండ్లుగా ప్రతి యడుగు చప్పుడునకు నులికిపడి యా మనుష్యుడు విసిగిపోయియుండెను. ఇంక పరుగెత్తలేననియు, చచ్చిన తన అంగడిలోనే చత్తుననియు చెప్పి యామెను లోనికి పంపి గుమ్మమున నిలుచుండెను. సుంకిరెడ్డి నీడ గడపమీద పడినతోడనే ఆతడు చేతులు జోడించి వీథి యంతయు వినునట్లు పలికెను.

"రెడ్డీ, కాల్చేది ఎట్లైనా కాలుస్తావు, నా మాటొకటి ఇను. ఆ పొద్దు నేను సూసినా. కొడవలెత్తినోడు చౌడారెడ్డి. నా పిల్లోల్లను సంపుతామంటే కోర్టులో అబద్ధం సెప్పినా."

పోలీసులును పేరెత్త వెఱచు పెత్తందారగు చౌడారెడ్డి మాట విన్నంతనే గుంపులోని కానిస్టేబులు ఎండ యెంత పొడుచుకొనివచ్చెనో పరీక్షింప నాకాశమువంక చూచెను. రెండేండ్లుగా ఏ కోర్టును రాబట్టలేకపోయిన సత్యము పిస్తోలును తాకకయే వీథిన పడెను. సుంకిరెడ్డి కన్నులెఱ్ఱనయ్యెను. కుడిచేయి నడుమునకు పోయెను, పోయి యచ్చటనే నిలిచెను. అన్న నెత్తురు కన్నుల గట్టి ఆతని గుండె మండిపోయెను. తుదకు చేయి క్రిందికి దింపి యిట్లు పలికెను.

"మాయమ్మ పోయి ఈ పొద్దుకు పది దినాలు, మద్దిలేటీ. గుండు కొట్టించుకుందామని వచ్చినా. మా ఇంటికి కత్తి పట్టేది మీ ఇల్లే గదా, ఇంగెవురి కాడికి పోయేది?"

అంతట నాతడు గడపపై కూలబడి తల్లి కడసారి పలుకులను చెప్పుకొనెను. పగ విడువుమనియు, తన దశాహమునాడు తల గొఱిగించుకొని మనుష్యులలో మనుష్యునివలె తిరుగుమనియు ఆమె చేతిలో చేయి వేయించుకొనెనట. కబురంపిన మద్దిలేటి వెఱచి రాడని తానే వచ్చెనట. పేరు వినకమునుపు ఆ మాట నిలుపుకొనుట సుకరమని తోచెననియు, విన్నపిదప నెంత దుష్కరమో తెలిసెననియు చెప్పి పసివానివలె నేడ్చెను.

కొంతవడికి సుంకిరెడ్డి లేచి పటకా విప్పి పిస్తోలుతోగూడ బల్లపై బెట్టి కుర్చీలో గూర్చుండెను. మద్దిలేటి కత్తికి సాన పట్టెనేగాని తలకు తాకింప చేయి రాలేదు.

"అబద్ధం సెప్పినోన్ని రెడ్డీ. నీ గొంతు నా కత్తి కింద ఉండాది. చౌడారెడ్డి నన్ను కొన్నాడేమోనని అనుమానం లేదా?"

"ఉండాది. రెండేండ్లుగా అందరి మీదా ఉండాది. అది మోయలేకనే సచ్చిపోతాండా. నువ్వు కత్తి పట్టు."

అని యాతడు కన్నులు మూసికొని తల వంచెను. మద్దిలేటి నీళ్లు చల్లి పని మొదలిడెను. రెండేండ్ల జడలు పాయలుపాయలుగా నాపరాతినేలపై రాలుచుండెను. గుంపు మెలమెల్లగా నంగడిని చేరవచ్చెను గాని ఒకనినొకడు ఓరకంట చూచుకొనుచు ఒక్కడును తన కఱ్ఱను క్రింద పెట్టలేదు, రాతిని జాఱవిడువలేదు. కానిస్టేబులు లాఠీ చంకక్రిందికి పోలేదు. ఆ పూట ఆ వీథియందు చేత నాయుధము లేనివాడు సుంకిరెడ్డి యొక్కడే.