మూడో పిన్ను

మా తమ్ముడికి నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నది మంచివాణ్ణని అనిపించుకోవడానికీ కాదు. ఆ భ్రమ మీకేమీ వద్దు.

నాది తాళాల రిపేరు కొట్టు. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే బల్ల. తమ్ముడిది పార్శిల్ ఆఫీసులో పెట్టెల మీద చీటీలు అంటించే ఉద్యోగం. ఆ విసుగు పోగొట్టుకోవడానికి వాడికో సరదా పట్టుకుంది. తాళంచెవి లేకుండా, రెండు ఇనుప పుల్లలతో తాళాలు తియ్యడం. వీడియోలు చూసి మొదలుపెట్టాడు. సెలవు రోజున నా కొట్టుకొచ్చి, నేను పారేసిన తాళాలు ఏరుకుని ఓ మూల కూర్చునేవాడు. దొంగతనానికి వెళ్ళే ముందు చెప్పరా, మీ వదిన చేత క్యారేజీ కట్టిస్తానని ఆటపట్టించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఓ లాయరుగారు ఇనప్పెట్టె మోయించుకొచ్చారు. తాళంచెవి పోయింది, లోపల కాగితాలున్నాయి. గంటసేపు కుస్తీ పట్టాను, రాలేదు. ఇక డ్రిల్లు పెట్టాల్సిందేనన్నాను. నేను డ్రిల్లు సిద్ధం చేసుకునేలోపు తమ్ముడు తన పుల్లలు పెట్టి తీసేశాడు. తీసి, లాయరుగారి వైపు కాదు, నా వైపు చూశాడు, మెచ్చుకుంటానని. శిష్యుడు మిమ్మల్ని మించిపోయాడండీ అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే వాడు అడిగాడు.

"ఆ ఆఫీసు మానేసి నీ దగ్గరికొచ్చెయ్యనా అన్నయ్యా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా చేతులకో పని వచ్చిందనిపిస్తోంది."

కడుపు మండిపోయింది నాకు. పైకి మాత్రం సరేనన్నాను. నేనిచ్చే కప్పతాళం ఒక్కటి తీసి తీసుకురా, బల్లలో సగం నీదేనన్నాను.

తాళం లోపల వరసగా ఐదు గుంతలుంటాయి. ఒక్కో గుంతలో ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు. ఆ రెండిటి మధ్య సందు సరైన ఎత్తుకొస్తేనే తాళం తిరుగుతుంది. తాళంచెవి చేసే పని అదే, పుల్లలు చేసేదీ అదే. నేను మూడో గుంతలో రెండు పిన్నులూ తీసేసి, ఒకే నిలువు ముక్క దించి, తాళం బిగించి ఇచ్చాను. సందే లేదు. ఇక దాన్ని తీసేవాడు పుట్టలేదు, పుట్టబోడు.

మూడు నెలలు దాంతోనే కాపురం చేశాడు పిచ్చివెధవ. అన్నం తింటున్నా ఎడమచేతిలో తాళమేనని మరదలు మా ఆవిడ దగ్గర మొత్తుకుందట. వేళ్ళ చివర కాయలు కాశాయి. ఓ సెలవు రోజున వచ్చి, మొహమాటపడుతూ అన్నాడు.

"నాలుగూ అందుతున్నాయి అన్నయ్యా. మూడోదే తేడాగా ఉంది. అందులో రెండు ముక్కలు లేవేమో, ఒకటే ఉందేమో."

లోపల చూడకుండా వేలి కొసతో అది పట్టుకోవడం ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా నా వల్ల కాదు. భలే పట్టావురా అంటే అక్కడితో అయిపోయేది. నేను పగలబడి నవ్వాను.

"చేతకానివాళ్ళందరూ తాళాన్నే అంటార్రా. తేడా తాళంలో లేదు, నీ వేళ్ళలో ఉంది."

వాడి మొహం మాడిపోయింది. తాళం జేబులో వేసుకుని వెళ్ళాడు.

ఇంకో నెల తర్వాత తాళమూ, పుల్లల సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అనవసరంగా నీ తాళాన్ని అనుమానించాను, ఏమీ అనుకోకన్నాడు. ఆఫీసు మానడం లేదట. పోతూపోతూ గుమ్మంలో ఆగాడు.

"ఒక్కసారి నువ్వు తీసి చూపించవూ. చూసి వెళ్ళిపోతాను."

తాళంలో నూనె వెయ్యాలని చెప్పి వెనక గదిలోకి పట్టుకెళ్ళాను. అచ్చం అలాంటిదే, మంచి తాళం, అక్కడ ఇంకోటి ఉంది. తేడా తెలియకుండా దాన్ని పిడికిట్లో పట్టుకుని బయటికొచ్చి, వాడి కళ్ళముందే అరనిమిషంలో తీశాను. వాడు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మొహంలో కాస్తయినా కుళ్ళుంటుందేమోనని వెతికాను. లేదు. అన్నను చూసి మురిసిపోతున్నాడు.

మొన్న వాళ్ళింట్లో కిటికీ గడియ బిగుసుకుపోయిందని నాకు ఫోను చేశాడు. వెళ్ళాను. నాలుగు చుక్కలు నూనె వేసి కాస్త కదిపితే వచ్చే పని. నేను నూనె వేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని, దూరంగా నిలబడి చూస్తున్నాడు. నువ్వే కదుపురా అన్నాను.

"నేనెందుకులే అన్నయ్యా, పాడైపోతుంది," అన్నాడు.