జమున ఇంట్ల తుపాకి దుర్బీను

పొద్దు నడినెత్తి దాటి కొంచెం వాలంగనే, భూమిని మీది నుంచే తవ్వి బొగ్గు తీసే ఓసీపీ గని దిక్కు నుంచి సైరన్ కూస్తది. ఆ కూత ఇనబడితే గోదావరిఖనిల ఆ క్వార్టర్ల లైను ఆడోళ్లు ఏ పని మీదున్నా లేచి ఉరకవలసిందే. ఒకామె పొయ్యి మీది గిన్నె దించుతది. ఇంకొకామె టీవీని రెండు చేతుల్తోని కావలించుకుంటది. పక్కింటి లస్మవ్వ అయితే దేవుని పటాలన్ని తీసి మంచం మీద బోర్లిస్తది, దేవుళ్లకు గూడ చెప్పుకుంటది, భయపడకుండ్రి అని. అటెంక ధన్‌మని బ్లాస్టింగ్ అయితది. గోడలు అదురుతయి, పాత బీటలు ఇంకింత నోరు తెరుస్తయి, రేకుల సందు నుంచి దుబ్బ రాలుతది. తిట్టేటోళ్లు ఓసీపీని నాలుగు తిట్లు తిట్టి మల్ల ఎవరి పనిల వాళ్లు పడతరు.

జమున మాత్రం లేవది. ఆమె ఇంట్ల బ్లాస్టింగ్‌కు సామాన్లు కింద పడవు, మీదికి లేస్తయి. ఓసీపీ మొదలైనకాడి నుంచి అంతే. ధన్‌మనంగనే చెంచాలు, గుండీలు, సూదులు, ఉల్లిగడ్డ పొట్టు మెల్లగ లేచి కండ్ల ఎత్తుకు వచ్చి ఆగుతయి. దుబ్బ అణిగేదాక అట్లనే ఉండి, మల్ల ఎక్కడియి అక్కడ దిగుతయి. మనుషులు లేవరు, మంచాలు లేవయి. కంపెనీ ఇంజినీరు ఒకాయన వచ్చి చూసి, "మంచిగనే ఉన్నది కదమ్మా, మీ గిన్నెలకు సొట్టలు పడవు" అని చాయ తాగి పోయిండు. ఇంకేం అంటడు పాపం.

జమున నాయిన బెల్లంపల్లిల గడియారాలు, రేడియోలు బాగుచేసేటోడు. బిడ్డకు గూడ ఆ పని వచ్చింది. ఇల్లు ఇట్ల లేపుడు మొదలువెట్టినంక జమున ఊకుంటదా, దాన్ని పనికి పెట్టింది. చెడిపోయిన మిషిని ఏదన్న తెచ్చి ఆ టైముకు నడింట్ల పెడితే, ఎంత తుప్పుపట్టి మొండికేసిన మరైనా దానంతట అదే గిర్రున తిరిగి ఊడొస్తది. లోపటి ముక్కలు ఒకటెనుక ఒకటి బయటికొచ్చి గాలిల వరుస కడతయి. జమున వాటిని పళ్లెంలకు తీసుకోని, తుడిచి, నూనె పెట్టి ఉంచుతది. తెల్లారి బ్లాస్టింగ్‌కు అవి అదే వరుసల మల్ల లేస్తయి, ఒకదాంట్ల ఒకటి తోసి బిగించుడే. ఇయ్యాల విప్పుడు, రేపు బిగించుడు. బసంత్‌నగర్ నుంచి గూడ కుట్టు మిషిన్లు పట్టుకోని వచ్చేటోళ్లు.

తుపాకి దుర్బీను తెచ్చింది మాత్రం పోశమే.

పోశం బెల్లంపల్లి పిలగాడే. వాని నాయిన బొగ్గు బాయి కార్మికుడు. బాయి మూతబడి, కొడుకుకు అండ్ల పని దొరకక, పోశం పోలీసుల భర్తీ అయిండు. గురి మంచిదని వాని చేతికి దుర్బీనున్న తుపాకి ఇచ్చిండ్రు. తెలంగాణ కోసం ఊరూరు లేచిన ఆ ఏడు, గోదావరిఖనిల దిగిన బయటి దళంల వాడున్నడు. ఒకనాడు సైరన్ కూసేముందు జమున గడపల నిలబడి, చేతి రుమాలు విప్పి నల్లటి గొట్టం చూపిచ్చిండు.

"అక్కా, జీపుల నుంచి కింద పడ్డది. లోపట మబ్బు పట్టింది, నడుమ ప్లస్ గీత ఒక పక్కకు ఒరిగింది. పైకి పంపుతే నెలలు పడతది. జల్ది చేసియ్యరాదు."

"చెప్పులు ఇడిసి లోపటికి రా తమ్మి," అన్నది జమున.

"చెప్పులు కాదక్క, బూట్లు. ఇప్పుడు ఇడిస్తే మల్ల తొడుక్కునేసరికి పొద్దుమీకుతది."

ఇద్దరు నవ్వుకున్నరు. అంతల్నే సైరన్ కూసింది. జమున దుర్బీనును తెల్ల తువ్వాల మీద పండుకోబెట్టి పక్కకు జరిగింది. ధన్‌మన్నది. గొట్టం చివర చుట్టు మెల్లగ తిరిగి ఊడింది. ముందటి పెద్దద్దం వచ్చి గాలిల నిలబడ్డది, దాని ఎనుక సన్నటి చుట్టు, దాని ఎనుక స్ప్రింగు. పక్కలకున్న రెండు గుబ్బలు ఊడినయి. లోపటి చిన్న గొట్టం జారి బయటికి రాంగనే అండ్ల నుంచి గీతలద్దం, అటెంక కంటికాడి అద్దాలు వచ్చినయి. అద్దాల మీద బూజు లెక్క తెల్లగ పట్టి ఉన్నది. జమున ఒక్కొక్కటి అంచు పట్టి పళ్లెంల పెట్టుకున్నది. మెత్తటి బట్టతోని తుడిచి, ఒరిగిన గీతను సక్కగ చేసింది.

"రేపు ఇదే టైముకు రా. బిగించి ఇస్త," అన్నది.

చూసిండ్రా ఆడిదాని మతిమరుపు! పొద్దుమీకినంక మొగడు సంపత్ ఓసీపీల షిఫ్టు దిగి వచ్చి, "రేపటి నుంచి సమ్మె. బొగ్గు పెళ్ల లేవది" అన్నప్పుడు గని ఆమెకు మతికి రాలేదు. బొగ్గు లేవకుంటే బ్లాస్టింగ్ ఎక్కడిది? బ్లాస్టింగ్ లేకుంటే దుర్బీను ఎట్ల లేస్తది? సమ్మెకు పిలుపిచ్చినోళ్లల్ల ముందున్నోడు తన మొగడేనాయె, వారం నుంచి ఇంట్ల అదే ముచ్చటాయె. గోదావరిఖనిల ఎవరన్న చేసే పొరపాటే అది. బ్లాస్టింగ్ అంటే వాళ్లకు పొద్దు గుంకుడు అసుంటిది, అది గూడ ఒకనాడు ఆగుతదని ఎవరనుకుంటరు?

"అయ్యో నా కర్మ," అని నెత్తి కొట్టుకున్నది జమున.

సంపత్ పళ్లెం దిక్కు చూసిండు. "గవ్వేంది?"

"తుపాకి దుర్బీను. బెల్లంపల్లి పోశంది."

సంపత్ నవ్విండు గని ఆ నవ్వు మధ్యలనే ఆగింది. అన్నం తినుకుంట రెండుసార్లు ఆ పళ్లెం దిక్కు చూసిండు.

తెల్లారి సైరన్ కూయలేదు. లైనంత బిత్తరపోయింది, లస్మవ్వ అలవాటున పటాలు బోర్లిచ్చి, మల్ల సిగ్గుపడి నిలబెట్టింది. ఓసీపీ గేటుకాడ కార్మికులు బైఠాయించిండ్రు. పోశం వచ్చి పళ్లెంల ముక్కలు చూసి మొఖం ఏలాడేసిండు.

"అక్కా, సార్ నన్ను బతకనియ్యడు. చేత్తోనన్న బిగించరాదే."

"గంత తొందరేంది? ఎక్కడ డ్యూటీ నీకు?"

పోశం కిందికి చూసిండు. "గేటు పక్కన నీళ్ల ట్యాంకి ఉన్నది గద. దాని మీద. ఊకె చూసుడే అక్క. ముందట ఎవరున్నరు, జనాన్ని ఎవరు ఎగేస్తున్నరు, అంతే."

"చూసెతందుకు చేతి దుర్బీను చాలు. తుపాకి మీద దుర్బీను ఎందుకురా?"

వాడు చేతిల రుమాలు మడిచి మల్ల విప్పిండు.

"ముందుగాల ఎవరిని చూడుమన్నరు?"

దండెం మీద సంపత్ షిఫ్టు అంగీ ఆరేసి ఉన్నది. పోశం దాని దిక్కు చూసి, "బావను" అన్నడు. "గడబిడ అయితే ముందుగాల బావనే అన్నరు."

జమున తన చేత్తోనే ఆ గీతను సక్కగ చేసిందాయె. పళ్లెం తీసి వాని ముందట ఠంగున పెట్టి, "పో, మీ సార్‌నే రమ్మను" అన్నది.

సార్ రానే వచ్చిండు. జీపు గడపలనే ఆపి, బూట్లతోనే నడింట్లకు వచ్చిండు. బయటి జిల్లా ఆఫీసరు, మాటల మర్యాద ఉన్నది గని కండ్లల్ల లేదు.

"ఏమ్మా, పని సగంలో ఆపేశావంట. బ్లాస్టింగ్ లేకపోతే చేత్తో బిగించలేవా?"

"చేత్తోని గూడ వస్తది సార్."

"మరి బిగించు."

"బిగించ."

ఆఫీసరు ఆమెను మల్ల ఒకసారి ఎగాదిగా చూసిండు. "క్వార్టరు కంపెనీది. నీ భర్త పేరు నా దగ్గరుంది. లోపలేస్తే నీకు దిక్కెవరు?"

"ఇల్లు గుంజుకుంటే ముంగట రోడ్డు మీద కూసుంట. ఆయనను లోపటేస్తే నేను పోయి గేటుకాడ కూసుంట. గీ దుర్బీను మాత్రం నా చేత్తోని బిగించ సార్. నా మొగని మీదికి నేనే గురి బిగియ్యాల్నా? ఏం మాట్లాడుతున్నరు మీరు?"

వాకిట్ల లైనంత గుమిగూడింది. లస్మవ్వ అయితే నోరు నొక్కుకోని, "శాబాష్ బిడ్డ" అన్నది, అందరికి ఇనబడేటట్టే అన్నది.

ఆఫీసరు కోపానికి రాలేదు, అదే భయం పుట్టించే సంగతి. "నీ చెయ్యి అక్కర్లేదు," అన్నడు. "బ్లాస్టింగ్ నేను చేయిస్తా. బయటి నుంచి మనుషుల్ని తెప్పిస్తున్నాం. రేపు ఒక్క పేలుడు వినబడితే చాలు, సమ్మె విరిగిందని ఊరంతా అనుకుంటుంది. ముక్కలూ వాటంతటవే లేస్తాయి. మా పోశం బిగిస్తాడు."

జీపు పోయినంక లస్మవ్వ జమున కొంగు గుంజింది. "ఒక్క అద్దం దాచరాదే? ఏ బియ్యం డబ్బలనో ఏద్దాం."

"దొంగతనమెందుకవ్వ? బిగించనని మొఖం మీదనే చెప్పిన గద."

ఆమె గట్ల అన్నది గని ఆ పూట అన్నం ముట్టలేదు. సంపత్‌తోని, "రేపు ఎనుక కూసో" అని ఒక్కసారి అన్నది. "నేను ఎనుక కూసుంటే ముందట ఇంకెవడో కూసోవాలె గద జమున," అన్నడాయన. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అంట్లు తోముకుంట రెండూ గిన్నెల మీదనే తీర్చుకున్నది.

తెల్లారి సైరన్ కూసింది. గేటుకాడ కూసున్నోళ్లు ఒక్కసారే లేచి నిలబడ్డరట, సంపత్ చెయ్యి ఊపి మల్ల అందరిని కూసోబెట్టిండట. ఇక్కడ జమున ఇంట్ల ఆఫీసరు కుర్చీల కూసున్నడు. పళ్లెం ముందట పోశం మోకాళ్ల మీద కూసున్నడు. తలుపుకాడ లైనంత ఉన్నది. జమున గోడకానుకోని నిలబడ్డది, చేతులు కట్టుకోని.

ధన్‌మన్నది.

గోడలు అదిరినయి, దుబ్బ రాలింది. పళ్లెంల ముక్కలు గలగలలాడినయి. అంతే. పెద్దద్దం లేవలేదు, చుట్టు లేవలేదు, సన్న స్ప్రింగు గూడ మెదలలేదు. గూట్లె చెంచాలు గూట్లెనే ఉన్నయి. ఇన్నేండ్లల్ల ఎన్నడు లేనిది, పొయ్యికాడి గిలాస ఒకటి కింద పడి సొట్టపోయింది. జమున నోరు తెరిచింది.

"ఏంటిది? లేవవేంటి?" అన్నడు ఆఫీసరు.

"అగో, లేస్తున్నయి సార్, అటు చూడుండ్రి," అన్నది లస్మవ్వ, మామూలు గొంతుతోని.

లేస్తున్నది పళ్లెంలయి కావు. పోశం టోపీ మీది బిళ్ల మర గిర్రున తిరిగి ఊడింది. బిళ్ల లేచి వాని కండ్ల ముందటికి వచ్చి ఆగింది. భుజాల మీది ఇత్తడి అక్షరాలు ఒకటెనుక ఒకటి వచ్చి దాని పక్కన నిలబడ్డయి. నడుముకున్న బెల్టు బిళ్ల వదులైంది, ఖాకీ అంగీ గుండీలు మీది నుంచి కిందిదాక ఊడి వరుస కట్టినయి, రొమ్ము మీది పేరు పట్టీ వాటి ఎనుక పోయి చేరింది. ఆఖరికి బూట్ల తాళ్లు కన్నాలల్ల నుంచి జారి బయటికొచ్చినయి. ఇప్పుడు వాని పేరు, నంబరు, కొలువు అన్ని వాని ముంగటనే గాలిల ఉన్నయి. వాటి అవుతల, గుండీలూడిన అంగీల, బెల్లంపల్లి పోశం మోకాళ్ల మీద కూసోని ఉన్నడు. ఆఫీసరుది ఒక్క గుండీ గూడ కదలలేదు.

తలుపుకాడ ఎవ్వరు అబ్బురపడలేదు. బాగుచేసెతందుకు పెట్టిన సామాను ఆ ఇంట్ల విచ్చుకునుడు వాళ్లు రోజు చూసేదే. ఒకామె మాత్రం, "మెల్లగ పిలగా, దుబ్బ అణిగేదాకనే టైము" అని యాది చేసింది.

"బిగించు!" అని ఆఫీసరు కుర్చీల నుంచి లేచిండు. "పోశం, చేతులు చాపి అవి పట్టుకో! ఏయమ్మా, నువ్వైనా బిగించు, అవి ప్రభుత్వానివి!"

జమున గోడ ఇడిసి వచ్చి పోశం ముందట కూసున్నది. టోపీ బిళ్లను రెండేళ్లతోని అంచు పట్టింది, అద్దాలను పట్టినట్టే. రేకుల కింద దుబ్బ సగం అణిగింది.

"తమ్మి, నీ సామాను ఇది. నీకు కావాల్నంటే మంచిగ బిగిస్త, ఒక్క గుండీ పోనియ్య. చెప్పు, బిగించాల్నా?"

పోశం ఆ వరుస దిక్కు ఆ చివర నుంచి ఈ చివరదాక చూసిండు. చెయ్యి లేపిండు, లేపి తన పేరు పట్టీ ఒక్కటి తీసి అంగీ జేబుల ఏసుకున్నడు.

"ఇది నాయిన పెట్టిన పేరు. గిదొక్కటి చాలక్క. కడమయి వద్దు."

జమున బిళ్లను ఇడిసింది. దుబ్బ అణిగింది. గుండీలు, అక్షరాలు, బిళ్లలు అన్ని గలగల పళ్లెంలకు రాలి దుర్బీను అద్దాలల్ల కలిసిపోయినయి. ఆఫీసరు గుడ్లురుముకుంట, "నీ ఉద్యోగం పోయినట్టే!" అని అరిచిండు.

"పోనీయుండ్రి సార్," అన్నడు పోశం. అంత నిమ్మళంగ వాడు మాట్లాడుడు వచ్చినకాడి నుంచి జమున ఇనలేదు. పక్కన పెట్టుకున్న తుపాకిని భద్రంగ తీసి ఆఫీసరు చేతులల్ల పెట్టిండు, తాళ్లు లేని బూట్లల్ల నుంచి కాళ్లు బయటికి తీసి, బనీను మీద గుండీల్లేని అంగీతోని గడప దాటిండు. జమున సంపత్ చెప్పులు ఎనుకనే ఇసిరేసి, "అరే, రోడ్డు కాలుతది, తొడుక్కో" అన్నది. లైనోళ్లు దారి ఇడిసిండ్రు.

పోశం సక్కగ గేటుకాడికి పోయిండు. అక్కడ పేలుడు ఇని సమ్మె ఇరిగిందని భయపడి లేవబోయినోళ్లు, వీన్ని చూసి ఉన్నకాడనే ఆగిండ్రు. సంపత్ తన చెప్పులు గుర్తుపట్టిండు, ఏం అడగలేదు.

"ఎనుక యాపచెట్టు నీడ ఉన్నది తమ్మి, ఆడ కూసో," అన్నడు.

"వద్దు బావ, నీ పక్కనే కూసుంట," అన్నడు పోశం, ముందు వరుసల కాళ్లు మలుచుకుంట. "ట్యాంకి మీదికెళ్లి ఎవడన్న చూస్తే, నేను గూడ కనబడాలె."

సంపత్ ఇంత పక్కకు జరిగిండు.