గుమ్మానికి కుడివైపు చోటు

మా ఇంటి ముందు నా భార్య అవినో సమాధి ఉన్న చోటు ఖాళీ స్థలమని చెప్పి, నా తమ్ముడు ఒగోలా దాన్ని పట్టణ పటంలో బస్టాండుకు రాయించాడు. బస్టాండు వస్తే పక్కనున్న తన కొట్టుకు గిరాకీ. పట్టణ ప్రణాళిక సభలన్నిటికీ నేను వెళ్లేవాణ్ణి. మలేరియాతో మంచం పట్టి వెళ్లని ఒక్క సభలో ఈ పని చేశాడు.

ఆఖరి సభలో లేచి అడ్డుచెప్పాను.

"ఒక్క సమాధే కదా తాతా, వేరేచోటికి మారుద్దాం," అంది అధికారి.

"గుమ్మానికి ఎడమవైపు అవినో ఉంది. కుడివైపు చోటు నాది. మా లువో తెగలో మొగుడూ పెళ్లాలను పాతిపెట్టే పద్ధతి అదే. మరి నన్నెక్కడ పెడతారమ్మా?"

వెనక నుంచి మా పొరుగింటి ముసలమ్మ దోలా అందుకుంది. "ఒరే ఒగోలా, మీ అన్న పోతే దగ్గరుండి గొయ్యి తవ్వించాల్సింది నువ్వేగా! బస్సు కింద తవ్విస్తావా? డ్రైవర్ని కాస్త జరగమను!"

సభంతా నవ్వింది. ఒగోలా తల దించుకున్నాడు. సమాధి కదపొద్దని సభ్యులు చేతులెత్తి ఓటేశారు. అధికారి పటం మీద గీత చెరిపి, బస్టాండును సంత మైదానానికి జరిపింది.

ఇంటికెళ్లి అవినో పక్కన నేలమీదే కూర్చున్నాను. చాలా నెలలకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

మర్నాడు ఒగోలా సరస్సు చేపలు పట్టుకొచ్చాడు. "అన్నా, నువ్వు సభకు రాని ఆ రోజు ఏమైందంటే..."

వాడి మాట పూర్తి కానివ్వలేదు, చేపలూ తీసుకోలేదు. ఆ సంగతి వాడితో గానీ, మరొకరితో గానీ ఇక ఎత్తను.