మూతకు అంటుకోని అయస్కాంతం

ప్రీమియం అన్న మాట వింటే చాలు, ఆ మెకానిక్‌కు ఒళ్లు మండుకొస్తుంది. పన్నెండేళ్లుగా గ్యాస్ గ్రిల్లుల కడుపులు విప్పి చూస్తున్న మనిషికి ఆ మాట మీద గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? పైన మొహం కనిపించేంత నున్నటి మూత, దాని మీద అరచెయ్యంత పేరు పలక, తిప్పితే వెలిగే నీలం బొత్తాలు. లోపల బిస్కెట్ డబ్బా రేకు. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా.

అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది. గ్రిల్లుకు వాడే మంచి స్టీలుకు అది అంటుకోదు, జారి కింద పడుతుంది. చవకరకం స్టీలునైతే జలగలా పట్టుకుంటుంది. కొనేవాళ్ల ముందు దాన్ని తీసి మూత మీద పెట్టి జార్చి చూపించడం అతనికి అలవాటు. అందుకే అతను పనిచేసే షోరూమ్‌లో అందరూ అతన్ని అయస్కాంతం అనే పిలుస్తారు. షోరూమ్ మేనేజర్ స్వయానా అతని భార్య తమ్ముడు. అతనొక్కడే బావా అంటాడు.

ఇవాళ అతను వంటక్క పెరట్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంటక్క నాలుగు ఆఫీసులకు మధ్యాహ్న భోజనాలు పంపుతుంది. మాంసమైనా కూరగాయలైనా కాల్చి పెట్టేది ఈ గ్రిల్లు మీదే. నిన్న పొయ్యి నిండా పని నడుస్తుండగా అడుగు రేకు ఊడి, కింద జిడ్డు పట్టే ట్రేతో సహా ఆమె పాదానికి జానెడు దూరంలో పడింది. పదేళ్ల గ్యారంటీ ఉన్న గ్రిల్లు. రెండేళ్లు కూడా నిండలేదు. మెకానిక్ చూసి తప్పు తయారీదేనని రిపోర్టు పంపితే కంపెనీ కొత్తది ఇస్తుంది, లేకపోతే లేదు. కొత్తది రాకపోతే ఆ నాలుగు ఆఫీసులూ వారం తిరక్కుండా ఇంకో వంటమనిషిని చూసుకుంటాయి.

అతను బర్నర్ గొట్టం పట్టుకుని లాగాడు. సగం చేతికొచ్చింది, సగం పొరలు పొరలుగా రాలింది. అడుగంతా చిల్లులే. వేలితో పొడిస్తే వేలు అవతలికి దిగింది. తుప్పు వాసన ముక్కుకు కొట్టింది. ఇంతా చేసి, ఎక్కడా చిటికెడు జిడ్డు లేదు. మూలల్లో సైతం పాత టూత్‌బ్రష్‌తో తోమిన గుర్తులున్నాయి.

అయస్కాంతం తీసి మూత మీద పెట్టాడు. జారిపోయింది. తలుపు మీద పెట్టాడు. జారిపోయింది. బర్నర్ల కింద, మంట తగిలే పెట్టె గోడకు పెట్టాడు. టక్కున అంటుకుంది.

దాన్ని పీకబోయి అక్కడే వదిలేశాడు.

సుమారు రెండేళ్ల కిందట ఈవిడ షోరూమ్‌కు వచ్చి, సేల్స్ వాళ్లు చెప్పిందంతా విని, వాళ్లను పక్కకు జరిపి అతని దగ్గరకొచ్చింది. "తమ్ముడూ, వీళ్ల మాటలు నాకొద్దు. విప్పి బాగుచేసేవాడివి, నువ్వు చెప్పు" అంది. అతను దర్జాగా అయస్కాంతం తీశాడు. మూతకు పెట్టి చూపించాడు, తలుపుకు పెట్టి చూపించాడు. "పదేళ్లు ఢోకా లేదక్కా" అన్నాడు. కిందికి వంగి బర్నర్ల దగ్గర పెట్టి చూడలేదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు మరి. తళతళలాడే కొత్త సరుకు ముందు సాగిలపడితే బాగుండదనుకున్నాడు. అయస్కాంతం పెట్టుకు తిరిగే వాడు దాన్ని ఎక్కడ పెడతాడో తయారుచేసేవాడికి తెలియదా? మంచి స్టీలు సరిగ్గా అక్కడే వేశాడు. తన తెలివితేటలు చూసి ఎవడో ఎక్కడో కూర్చుని నవ్వుకుని ఉంటాడనిపించి మెకానిక్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

ఫోను మోగింది. మేనేజరు. చేతులనిండా తుప్పుండటంతో మోచేత్తో స్పీకరు నొక్కి నేల మీదే ఉంచాడు.

"బావా, చూశావా?"

"చూశాను. లోపలంతా తుప్పు తినేసింది. రేకు మంచిది కాదు."

"రేకు సంగతి మనకెందుకు గానీ, శుభ్రం చెయ్యలేదని రాసెయ్. ఆ ఎలకల ఫోటో పెట్టెయ్, ఎప్పుడూ పెట్టేదేగా. ఈ నెల గ్యారంటీలు ఎక్కువైపోయాయని పైవాళ్లు నన్ను తినేస్తున్నారు."

అతను మోచేత్తోనే ఫోను కట్ చేశాడు. తల తిప్పితే వెనక వంటక్క మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది.

"ఏ ఎలకల ఫోటో?" అంది.

అబద్ధం చెప్పడానికి చాలా వీలుంది. కానీ పాదం పక్కనే జిడ్డు ట్రే పడ్డ మనిషి ముందు అబద్ధం నోట్లోంచి రాలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోనులో ఆ ఫోటో తెరిచి చూపించాడు.

మూడేళ్ల నాటి ఫోటో అది. ఒక పెద్ద ఇంటివాళ్లు వానాకాలమంతా మూసిపెట్టిన గ్రిల్లు. మూత ఎత్తగానే అతను గోడవార పరుగెత్తి కక్కుకున్నాడు. రెండు వేళ్ల మందాన పసుపుపచ్చ కొవ్వు, అందులో లుకలుకలాడే పురుగులు, బర్నర్ల మధ్య గుడ్డపీలికలతో ఎలక గూడు, గూట్లో చచ్చి ఉబ్బిన పిల్లలు. గ్యారంటీ ఇవ్వకుండా ఉండాలంటే మురికికి సాక్ష్యంగా ఫోటో పెట్టాలని కంపెనీ రూలు. మొదటిసారి మేనేజరు బతిమాలితే ఇంకొకరి రిపోర్టుకు ఈ ఫోటో పెట్టాడు. వాళ్లూ కడిగి ఉండరులే అనుకున్నాడు. రెండోసారి ఏమీ అనుకోలేదు. అలా నాలుగు రిపోర్టులు వెళ్లాయి.

వంటక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇది నాదని రాస్తావా?"

అతను ఫోను బోర్లించాడు.

"రెండు పూటలా తోముతాను తమ్ముడూ. నడుం పడిపోయినా తోమే పడుకుంటాను. ఈ బొమ్మ నా పేరు మీద ఎక్కడో కాగితాల్లో ఉందంటే, ఇక నా చేత్తో నేను వండింది నాకే సయించదు." గొంతు పెంచలేదు. గ్లాసు మాత్రం అతనికివ్వకుండా ఆ నీళ్లు మొక్కలో పోసేసింది.

ఛీ, ఏం బతుకు, అనుకున్నాడు మెకానిక్. పురుగులు ఆ పెద్దింటి గ్రిల్లులో ఉన్నాయనుకుని మూడేళ్లుగా జేబులో మోసుకు తిరుగుతున్నాడు. తిండి తిన్న చేత్తోనే ఆ ఫోటోను నాలుగిళ్లకు అంటించాడు.

అయస్కాంతం అంటుకున్న లోపలి గోడను ఫోటో తీశాడు. చిల్లులు తీశాడు. తోమిన మూలలు తీశాడు. రిపోర్టులో రాశాడు: గ్రిల్లు శుభ్రంగా ఉంది, లోపలి స్టీలు చవకరకం, తప్పు తయారీది. ఎలకల ఫోటోను ఫోనులోంచి చెరిపేయబోయి ఆగాడు. చెరిపేస్తే తనొక్కడే బాగుపడతాడు. దాన్నీ రిపోర్టుకు తగిలించి, కింద ఆ నాలుగిళ్ల రిపోర్టు నంబర్లు వేసి, ఇది వీళ్లెవరి గ్రిల్లూ కాదు, పెట్టింది నేనే, అని రాసి కంపెనీ ఆఫీసుకే పంపించాడు.

పావుగంటలో మేనేజరు ఫోను.

"బావా, నీకు మతి పోయిందా? నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఊడతాయి. కనీసం మా అక్క మొహమైనా చూడాల్సింది."

"ఇంటికెళ్లి చూస్తాలేరా. ఇన్నాళ్లూ చూడలేకపోయింది ఆ మొహాన్నే" అన్నాడు మెకానిక్.

పనిముట్లు సంచిలో వేసుకుంటూ వంటక్కతో, "కొత్తది వస్తుందక్కా. ఈసారి పైరకంది, మందం స్టీలుది అడిగి తీసుకో. షోరూమ్‌లో ఉంది, నేను చూశాను, దానికి ఢోకా..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆమె అతని వైపు చెయ్యి చాపింది. డబ్బులేవో ఇవ్వబోతోందనుకుని వద్దన్నాడు.

"నీకివ్వడానికి కాదు. ఆ ముక్క ఇటు పెట్టు."

గ్రిల్లు లోపలి గోడకు ఇంకా అంటుకునే ఉన్న అయస్కాంతాన్ని అతను గోటితో పెకలించి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్లతో రెండుసార్లు కడిగి, కొంగుకు తుడిచి ముడేసుకుంది.

"ఈసారి నేనే వంగి చూసుకుంటాలే" అంది.