చిల్లులు పడ్డ నీడ

బట్టల ఫ్యాక్టరీలో కిటికీ పక్కనున్న ఇస్త్రీ బల్ల పెద్దక్కది. కాలరు నొక్కి, చేతులు మడిచి, చొక్కాని పక్కకి నెట్టడం ఆమె పని. పదమూడేళ్లుగా ఆ కిటికీ ఎండలో ఆమె నీడకి చిల్లులు పడుతూనే ఉన్నాయి. మొదట ముంజేతి దగ్గర రెండు, తర్వాత నడుం దగ్గర గుప్పెడు, ఇప్పుడైతే అచ్చం జల్లెడే.

"కాస్త జరుగు పెద్దక్కా, నీ నీడలో వెలుగు చుక్కల్ని మరకలనుకుని రుద్ది చస్తున్నా" అనేది పక్క బల్లామె. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

నిరుడు కాలు జారి చెయ్యి ఆన్చిందో లేదో, మణికట్టు విరిగింది. కట్టు కట్టి పంపేశారు. నడుం నొప్పి అంటే, వయసు అన్నారు. ఆమెకి యాభై నాలుగు! ఈ ఏడు తడి దుప్పట్ల బకెట్ ఎత్తబోతే వెన్నులో పుటుక్కుమంది. అప్పటికి గానీ ఎముకలకి స్కానింగ్ రాసే డాక్టరమ్మ దొరకలేదు.

"ఎముకలు గుల్లబారాయి. పాత ఎముక కరుగుతుంటే కొత్తది పుట్టాలి. మీకు కరగడమే ఎక్కువైంది. గర్భసంచి ఆపరేషన్ అయిందన్నారుగా, దాంతో పాటు అండాశయాలు కూడా తీసేశారా?"

"నలభై ఒకటో ఏట."

"ఎముకని కాపాడే హార్మోను అప్పుడే ఆగిపోయింది. ఎవరూ చెప్పలేదా?"

పెద్దక్కకి ఒళ్లు మండిపోయింది. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకవి అని, అటక మీది పాత సామాను పారేసినట్టు పారేశారు!

వారానికో మాత్ర, పరగడుపున గ్లాసుడు నీళ్లతో. వేసుకున్నాక అరగంట నడుం వాల్చకూడదు. కాల్షియం, డి విటమిన్, రోజూ నడక. పోయిన ఎముకంతా తిరిగిరాదు గానీ, ఇంకోటి విరక్కుండా ఆపొచ్చంది డాక్టరమ్మ.

ఆ వారమే తోడికోడలు ఫోన్ చేసింది. దానికి ముప్పై తొమ్మిది.

"అక్కా, గడ్డలున్నాయని ఎల్లుండి గర్భసంచి తీసేస్తున్నారు. పనిలో పనిగా అండాశయాలు కూడానట."

"వాటికేమైంది?"

"ఏం కాలేదట."

"మరి తియ్యడం దేనికే!"

మర్నాడు ఇద్దరూ ఆ ఆసుపత్రికి వెళ్లారు. కుర్చీలో ఆనాడు పెద్దక్కకి ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరే.

"ముందు జాగ్రత్తకమ్మా. రేపు క్యాన్సరొస్తే?"

"వాళ్ల పుట్టింట్లో ఎవరికైనా ఉందేమో అడిగారా? ఎముకల సంగతి చెప్పారా?"

"అన్నీ చెబుతూ కూర్చుంటే బయట నలభై మంది ఉన్నారు" అంటూ ఆయన కాగితం ముందుకి తోశాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

పెద్దక్క లేచి కిటికీ పరదా పక్కకి లాగేసి ఎండకి అడ్డంగా నిలబడింది. ఆమె నీడ బల్ల మీద, కాగితం మీద పడింది. మణికట్టు, వెన్ను, తుంటి, ఎక్కడ చూసినా సూది బెజ్జాలంత వెలుగులు.

"జరగండి, కనపడట్లేదు."

"నేను జరగను. పదమూడేళ్ల కిందట మీ చేతుల మీదుగా వెళ్లినదాన్నే. ఆ వెలుగులోనే చదవండి."

ఆయన చదవలేదు. తోడికోడలు వంగి, నడుం దగ్గరి చుక్కల వెలుగులో వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. "అం-డా-శ-యా-లు" దగ్గర వేలు ఆగింది.

"ఇవి వద్దండీ. గర్భసంచి వరకే."

పెద్ద డాక్టరు ఆ నీడని ఓసారి చూశాడు. పెన్ను తీసి, ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టాడు.

తోడికోడలు కాగితం మళ్లీ ఆయన వైపే తిప్పింది.

"గీత పక్కన ముందు మీరు సంతకం పెట్టండి. తర్వాత నేను పెడతా."