సగానికి మించి

ఈ ఉదయం నుంచి మా ఇంట్లో ఒక్కో గదీ ఒక్కో దేశం. హాలు బ్రిటన్, బాల్కనీ కెనడా, పడకగది అమెరికా. వంటిల్లు మాత్రం గాజువాకలోనే ఉంది.

మా ఆయన భానోజీ షిప్‌యార్డులో ఫిట్టరు. రెండేళ్ళుగా సొంతంగా కడుతున్న విమానాన్ని, ఏ దేశం రూలు నయమో చూస్తూ, గదిగదికీ తోసుకుంటూ తిరుగుతున్నాడు. హాల్లో దానికి ఎగరడానికి అనుమతి పత్రం ఇస్తారట. బాల్కనీలో అది ఔత్సాహికుడి కట్టడం. పడకగదిలో ప్రయోగాత్మక విమానం. సవతి అనే వర్గం ఏ దేశం చట్టంలోనూ లేదు. మూడుసార్లు చదివాను.

ఆయన పడకగదినే ఎంచుకుంటాడు. దాన్ని నా వైపు పడుకోబెట్టి నా దుప్పటే కప్పుతాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

పది గంటలకు తనిఖీ అధికారిణి సన్యాసమ్మగారు టేపు పట్టుకుని బీరువాలోంచి దిగుతారు.

"సగానికి మించి సొంత చేతుల్తో చేసుండాల. ఈ గది రూలు అదీ," అంటారు. విమానం వైపు చూడనైనా చూడరు. మా ఆయన్ని నిలబెట్టి కొలుస్తారు.

"ఈ మనిషిని నూటికి యాభై ఒక్క వంతులు విమానమే చేసిందమ్మా. నీ చేత్తో అయినవి నలభై తొమ్మిదే."

"పదకొండేళ్ళు వండి పెట్టినానండీ!"

"ఈ రెండేళ్ళూ ఆవకాయ ఎక్కడిది?"

విమానం ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి, ఆ అక్కసుతోనే, బజారు సీసాలు కొంటున్నాను.

"కొన్నవి లెక్కలోకి రావు," అంటూ ఆవిడ మా ఆయన నుదుటికి 'ప్రయోగాత్మకం' అన్న చీటీ అంటించి, ఆయన్ని విమానం పేర రాసేస్తారు.

"ఏటి మావా, నువ్వేటీ అనవా?"

"రూలు రూలే కదే, వరాలూ," అంటాడు. సంతోషం దాచుకోవడం కూడా చేతకాదు ఆయనకి.

విమానం ఆయన భుజాలెక్కి బెల్టు బిగించుకుంటుంది. ఆయన చేతులు బార్లా చాపి బాల్కనీలోంచి పైకి లేస్తాడు. నేనూ వస్తానంటాను. పరీక్షకి ఎగిరేటప్పుడు ఇంకెవర్నీ ఎక్కించకూడదంటారు సన్యాసమ్మగారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

వంటింట్లోకి పోతాను. కాయలు నేనే కొడతాను, ఆవాలు నేనే దంచుతాను. పోతే పోయాడు, ఈసారి మొత్తం నా చేత్తోనే చేసుకుంటాను.

మూడోనాడు జాడీ తిరగ కలుపుతుంటే గరిటెకి ఒక చెవి తగులుతుంది. నూనె తుడిచి చూస్తాను. మా ఆయన కుడి చెవే, తమ్మె మీద పుట్టుమచ్చతో సహా. నూటికి నూరు వంతులూ నేను చేసింది. అరచేతిలో పెట్టుకుని "మావా" అని పిలుస్తాను.

పైన ఎక్కడో ఇంజను చప్పుడవుతుంది. చెవి అటు తిరుగుతుంది.